సాలగ్రామ చరిత్ర – మన నేల చెప్పిన సత్యం

 

మన ఆలయ జీర్ణోద్ధరణ, మహాసంప్రోక్షణ మహోత్సవాల సందర్భంగా వెలువడుతున్న ఈ ప్రత్యేక సంచికలో నన్నొక వ్యాసం వ్రాయవలసిందిగా ధర్మకర్తలు కోరారు. ఆలయ మాహాత్మ్యాన్ని గురించి పెద్దలు వ్రాస్తున్నారు కనుక, గర్భాలయంలో స్వామివారి పాదాల చెంత రాగి పళ్ళెంలో వేంచేసి ఉన్న సాలగ్రామ మూర్తులను గురించి నాలుగు మాటలు విన్నవించుకొంటాను. ప్రతిదినం వారి తిరుమంజన తీర్థాన్నే మీరు స్వీకరిస్తున్నారు. వారి చరిత్రను మీతో చెప్పుకోవలసిన అవసరం ఈ జీర్ణోద్ధరణ పనుల నడుమనే ఏర్పడింది.

ప్రాకారానికి ఈశాన్య దిశలో పునాదులు తవ్వుతున్నప్పుడు పనివారికి ఆరేడు అడుగుల లోతున ఒక నల్లని గుండ్రని రాయి దొరికిన సంగతి మీలో చాలామందికి తెలుసు. కొబ్బరికాయంత పరిమాణం. నడుమ ఒక తెల్లని గీత చుట్టూ తిరిగి వచ్చింది. చూసినవారు "చక్రం, చక్రం" అన్నారు. సాయంత్రానికి దానికి పసుపు, కుంకుమ, పూలమాల అమరాయి. మరునాటికి దక్షిణలు పడ్డాయి. సాలగ్రామ స్వామి మన నేలలోనే స్వయంభువుగా వెలిశారని వార్త విమానాశ్రయం చుట్టుపట్ల గ్రామాలన్నింటికీ పాకింది. ఒక దాత ఆ శిలకు వెండి సంపుటం చేయిస్తానని మ్రొక్కుకొన్నారు.

ఇక్కడ నా తప్పును ఒప్పుకోవాలి. ఆ రాయి సాలగ్రామం కాదేమో అని మొదటి చూపులోనే నాకు అనుమానం కలిగింది. అయినా మొదటి రోజున నేనూ హారతి ఇచ్చాను. భక్తుల ఉత్సాహం చూసి నోరు మెదపలేకపోయాను. పనులకు ధనం కొరవడి ఉన్న రోజులవి. నిజం చెప్పితే వచ్చే విరాళాలు ఆగిపోతాయేమోనన్న భయం కూడ నా మనస్సులో ఉన్నది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాల్యంలో వేదపాఠశాలలో మా గురువుగారు సాలగ్రామ లక్షణాలు పాఠం చెబుతూ, లక్షణం తెలిసి కూడ చెప్పని అర్చకుడు భక్తునికి ఋణపడతాడని హెచ్చరించేవారు. ఆ మాట గుర్తు వచ్చింది. మూడవనాడు పెద్దలతో, "ఇది సాలగ్రామమని నేను చెప్పలేను, తెలిసినవారికి చూపిద్దాం" అన్నాను. కొందరికి కోపం వచ్చింది. అప్పుడు వారికి నోటితో చెప్పలేకపోయినది ఈ వ్యాసంలో సావకాశంగా మనవి చేస్తున్నాను.

సాలగ్రామమంటే ఏమిటి?

సాలగ్రామం విష్ణుస్వరూపం. మిగిలిన విగ్రహాలకు శిల్పి ఉలి పెట్టాలి, ఆచార్యుడు ప్రాణప్రతిష్ఠ చేయాలి. సాలగ్రామానికి ఆ రెండూ అక్కరలేదు. భగవంతుని సాన్నిధ్యం అందులో సహజంగానే ఉన్నదని పెద్దల సిద్ధాంతం. శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యంలో, సర్వవ్యాపి అయిన పరమాత్మను ఒక చోట నిలిపి ఎట్లా ఉపాసిస్తామో చెప్పవలసి వచ్చినప్పుడు సాలగ్రామంలో హరిని భావించడమే దృష్టాంతంగా తీసుకొన్నారు. తిరుమల శ్రీవారి ఆభరణాలలో సాలగ్రామ హారం ఉన్నదని మీరు వినే ఉంటారు.

ఈ శిలలు లభించే చోటు నేపాల దేశంలోని గండకీ నది. ధవళగిరి, అన్నపూర్ణ అనే రెండు మహాపర్వతాల నడుమ అగాధమైన లోయలో ఈ నది ప్రవహిస్తుంది. అక్కడ దానిని కాళీగండకి అంటారు. 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున ముక్తినాథ క్షేత్రం, అంతకంటె పైన దామోదర కుండం ఉన్నాయి. శ్రీవైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాలలో ఒకటిగా ఈ సాలగ్రామ క్షేత్రాన్ని తిరుమంగై ఆళ్వార్లు కీర్తించారు. గండకి దిగువకు వచ్చి బీహారులో పట్నాకు ఎదురుగా గంగలో కలుస్తుంది.

శిలలోని రంధ్రాలు, వాటి లోపలి చక్రాల సంఖ్య, శిల ఆకారం, రంగు, రేఖలు – వీటిని బట్టి లక్ష్మీనారాయణ, నృసింహ, వామన, దామోదర, సుదర్శన, హిరణ్యగర్భ మొదలైన మూర్తి భేదాలను నిర్ణయిస్తారు. చక్రం ఎట్లా ఏర్పడిందంటే పురాణాలు ఒక కథ చెబుతాయి. బృందాదేవి శాపం వలన స్వామి గండకీ తీరాన శిలారూపం ధరించగా, వజ్రకీటమనే పురుగులు ఆ శిలలను తొలిచి చక్రాకారాలను ఏర్పరుస్తాయట. ఈ వజ్రకీటం మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని వద్దకు వస్తాను.

పగిలిన సాలగ్రామం

మన ఆలయంలోని ఐదు సాలగ్రామాలలో ఒకటి పగిలినది. మా తాతగారి కాలంలోనే అట్లా ఉన్నదని మా తండ్రిగారు చెప్పేవారు. పగిలిన విగ్రహం పూజకు పనికిరాదు కాని, పగిలిన సాలగ్రామానికి ఆ దోషం లేదని శాస్త్రం. అందుచేత దానికీ యథావిధిగా ఆరాధన జరుగుతూనే ఉన్నది. రెండు చెక్కలనూ విడదీసి చూస్తే లోపల పొట్టేలు కొమ్ములా చుట్టలు చుట్టుకొన్న ఒక ఆకృతి, దాని మీద సమానమైన ఎడంతో గట్లు కనిపిస్తాయి. ఒక చెక్కలో ఉబ్బెత్తుగా ఉన్నది రెండవ చెక్కలో పల్లంగా ఉంటుంది. ముద్ర, ముద్ర వేసిన మైనం ఎట్లా ఉంటాయో అట్లా.

పునాదిలో దొరికిన రాయిని చూడడానికి వచ్చినవారు కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకొంటున్న ఒక అధ్యాపకులు. వారూ మన స్వామి భక్తులే. ఆ రాయిని చేతిలోకి తీసుకొని, భూతద్దంతో చూసి, "అయ్యగారూ, ఇది మన గ్రానైటులో అక్కడక్కడ చారలుగా కనిపించే నల్లరాయి. డోలరైటు అంటారు. ఉల్లిపాయ పొరల్లా పైపై పొరలు ఊడిపోతూ గుండ్రంగా మిగిలింది. ఈ తెల్లని గీత పగులులో నిండిన పలుగురాయి" అన్నారు. అప్పుడు నేను మన పగిలిన సాలగ్రామాన్ని కొంచెం దూరం నుంచే చూపించాను. వారు చెప్పులు విడిచి, చేతులు జోడించి, చాలాసేపు చూసి, "ఇది మాత్రం అసలైనది. అమ్మోనైటు" అన్నారు.

ఆ మాటకు అర్థం వారు ఆనాడే వివరించారు. తరువాత నేనూ కొంత చదివి తెలుసుకొన్నాను.

అమ్మోనైటు ఒక సముద్రపు ప్రాణి. ఈనాటి ఆక్టోపస్‌కు, నాటిలస్‌కు దూరపు బంధువు. చుట్టలు తిరిగిన గుల్లలో నివసించేది. గుల్ల లోపల వరుసగా గదులు. ప్రాణి పెరిగే కొద్దీ పాత గదిని గోడతో మూసివేసి, ముందు కొత్త గది కట్టుకొని అందులోకి జరిగేది. వెనుక గదుల గుండా ఒక సన్నని నాళం ఉండేది. ఆ గదులలోని వాయువు, ద్రవం సాయంతో నీటిలో తేలుతూ బరువును సరిచేసుకొనేది. ఈ వంశం సుమారు 40 కోట్ల ఏండ్ల క్రితం పుట్టి, జురాసిక్, క్రిటేషియస్ అనే యుగాలలో సముద్రాలంతటా వ్యాపించి, 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రితం రాక్షసబల్లులతో పాటు అంతరించింది. ప్రాచీన ఈజిప్టువారి ఆమున్ దేవతకు పొట్టేలు కొమ్ములు ఉంటాయి. ఆ కొమ్ములను తలపిస్తున్నందున పాశ్చాత్యులు ఈ శిలాజానికి ఆ దేవత పేరు పెట్టారు. అంటే వారికీ దీనిని చూడగానే దైవమే గుర్తుకు వచ్చిందన్న మాట.

సముద్రపు ప్రాణి హిమాలయానికి ఎట్లా వచ్చింది? ఇప్పుడు హిమాలయం ఉన్న చోట అప్పుడు సముద్రం ఉండేది. శాస్త్రజ్ఞులు దానిని టెథిస్ సముద్రం అంటారు. భారత భూఖండం దక్షిణాన ఎక్కడో ఉన్నది. జురాసిక్ యుగం చివర, క్రిటేషియస్ యుగం మొదట, అంటే సుమారు 16 కోట్ల నుంచి 14 కోట్ల ఏండ్ల క్రితం, ఆ సముద్రపు అడుగున నల్లని మెత్తని బురద పేరుకొన్నది. చనిపోయిన అమ్మోనైట్లు ఆ బురదలో పడ్డాయి. మెత్తని శరీరం నశించింది. గుల్ల చుట్టూ నీటిలోని ఖనిజాలు చేరి గట్టిపడి గుండ్రని ముద్దలయినాయి. బురద క్రమంగా పలకలుగా విడిపోయే నల్లరాయి అయింది. దానిని స్పితి షేల్ అంటారు. తరువాత సుమారు 5 కోట్ల ఏండ్ల క్రితం భారత భూఖండం ఉత్తరాన ఆసియాను ఢీకొన్నది. సముద్రపు అడుగు ముడుతలు పడి పైకి లేచింది. అదే హిమాలయం.

మంచుకు, వానకు ఆ నల్లని పలకరాయి చిట్లిపోతుంది. లోపలి గట్టి ముద్దలు విడివడి గండకిలో పడతాయి. నది వాటిని దొర్లించి నునుపు చేస్తుంది. కొన్నింటిలో గుల్ల కరిగిపోయి అచ్చు మాత్రమే మిగులుతుంది. కొన్నింటిలో గుల్ల ఉన్న చోట పైరైటు అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం నిండి బంగారు రంగులో మెరుస్తుంది. స్వర్ణరేఖలు గల సాలగ్రామాలలో మనం చూసే కాంతి అదే.

వజ్రకీటం

ఇదంతా విన్న రాత్రి నా మనస్సు కలతపడిన మాట నిజం. అరవై ఏండ్లు దాటినవాడిని. ఉపనయనమైనది మొదలు తిరుమంజనం చేస్తున్న మూర్తిలో ఒక సముద్రపు జంతువు గుల్ల ఉన్నదంటే మనస్సు వెంటనే ఒప్పుకోలేదు. మరునాడు తెల్లవారుజామున ఆరాధనకు కూర్చుని, పగిలిన మూర్తిని చేతిలోకి తీసుకొన్నప్పుడు వజ్రకీటం గుర్తుకు వచ్చింది.

మన పెద్దలకు సూక్ష్మదర్శినులు లేవు. భూగర్భశాస్త్రం లేదు. వారికి ఈ విజ్ఞానమంతా ముందే తెలుసునని నేను అనను. అట్లా అనడం వారికి గౌరవం కాదు. అయితే వారు శిలను శ్రద్ధగా చూశారు. ఈ చక్రం ఏదో ఒక ప్రాణి వలన ఏర్పడినదని గుర్తించారు. ఆ ప్రాణికి ఒక పేరు పెట్టి, దానిని భగవంతుని లీలలో భాగం చేశారు. పురుగు శిలను తొలిచినదని పురాణం. శిలే ప్రాణి చుట్టూ ఏర్పడినదని విజ్ఞానం. రెండూ ఒకటే అని చెప్పలేను. కాని ఈ శిలలో ఒకనాడు ప్రాణమున్నదన్న విషయంలో రెండూ ఏకీభవిస్తున్నాయి. మత్స్య, కూర్మ రూపాలను ధరించి నీటిలో అవతరించినవాడు, పాలకడలిలో శయనించినవాడు మన స్వామి. ఆయనకు సముద్రపు గుల్ల ఎట్లా అంటు అవుతుంది? పాంచజన్యం కూడ గుల్లయే కదా! ఆనాడు తిరుమంజనం చేస్తున్నప్పుడు, 14 కోట్ల ఏండ్లు సముద్రంలోను, పర్వతంలోను, నదిలోను ప్రయాణం చేసి నా అరచేతిలోకి వచ్చిన మూర్తి కదా అనిపించి కన్నులు చెమర్చాయి. నా భక్తి తగ్గలేదు.

మన నేల సంగతి

ఇక పునాదిలో దొరికిన రాయి విషయం. అది సాలగ్రామం ఎందుకు కాజాలదో మన నేలే చెబుతుంది.

శంషాబాద్ ప్రాంతమంతా గ్రానైటు. 2005లో విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగి, 2008 మార్చిలో విమానాల రాకపోకలు మొదలయ్యే వరకు దాదాపు 5,500 ఎకరాలలో గుట్టలు చదును చేస్తూ, బండలు పేలుస్తూ ఉంటే ఆ దుమ్ము మన ధ్వజస్తంభం దాకా వచ్చేది. ఈనాటికీ రోడ్డు వెంట ఒకదాని మీద ఒకటి పేర్చినట్లున్న గుండ్లను మీరు చూస్తూనే ఉన్నారు. ఈ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల ఏండ్లు. భూమి లోతులలో కరిగి ఉన్న రాతిద్రవం చల్లబడి ఏర్పడినది. అప్పటికి గుల్ల ఉన్న ప్రాణి గాని, చేప గాని, చెట్టు గాని లోకంలో లేవు. కనుక ఎంత లోతు తవ్వినా ఈ బండలో అమ్మోనైటు దొరకదు.

అయితే అమ్మోనైట్లు జీవించిన క్రిటేషియస్ యుగపు ఆనవాళ్ళు మనకు దగ్గరలో లేవా అంటే ఉన్నాయి. పూర్వం మన రంగారెడ్డి జిల్లాలోనే ఉండి, ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉన్న నస్కల్ గ్రామం అందుకు ప్రసిద్ధి. పడమటి నుంచి దక్కను లావా ప్రవాహాలు వచ్చిన కాలంలో, ఒక ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ అక్కడ మంచినీటి మడుగులు ఏర్పడినాయి. ఆ మడుగుల అడుగున పేరుకొన్న మట్టిలో ఎలుకంత చిన్న క్షీరదం దంతాలు దొరికాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రజ్ఞులు 1988లో ఆ విషయాన్ని ప్రకటించారు. భారతదేశంలో క్రిటేషియస్ యుగపు క్షీరదం లభించడం అదే మొదటిసారి. దానికి దక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు. యుగం అదే అయినా నస్కల్‌లోనివి మంచినీటి మడుగులు. అమ్మోనైట్లు ఉప్పునీటి ప్రాణులు. అందుచేత అక్కడా అవి ఉండవు.

అవి కావాలంటే సముద్రతీరానికి వెళ్ళాలి. తెలుగు నేలలోనే పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలోని రాఘవపురం పేరుతో, ఒంగోలు ప్రాంతంలోని బుడవాడ, వేమవరం గ్రామాల పేర్లతో పిలిచే రాతిపొరలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒంగోలు పరిసరాలను సర్వే చేసి ఆ పొరలను వర్ణించాడు. క్రిటేషియస్ యుగం తొలి కాలంలో తూర్పు తీరం మీదికి సముద్రం చొచ్చుకొని వచ్చినప్పుడు ఏర్పడిన ఆ పొరలలో చెట్ల ఆకుల అచ్చులతో పాటు అమ్మోనైట్ల అచ్చులూ దొరికాయి. వాటిలో ఒక జాతికి 1933లో ఎల్.ఎఫ్. స్పాత్ అనే పండితుడు పాస్కోయిటెస్ బుడవాడెన్సిస్ అని నామకరణం చేశాడు. మన తెలుగు పల్లె పేరు ఒక అమ్మోనైటుకు స్థిరపడిపోయింది!

మరి బుడవాడ అమ్మోనైటు సాలగ్రామం అవుతుందా? కాదు. ప్రాణి ఒకే వంశానికి చెందినదైనా, గండకీ క్షేత్రంలో పుట్టినదే సాలగ్రామమని శాస్త్ర నియమం. బుడవాడ శిలాజం విద్యార్థులు చూసి నేర్చుకోవలసిన అపురూప వస్తువు. దానిని ఊడబెరికి ఇంటికి తెచ్చుకొంటే పూజకూ పనికిరాదు, చదువుకూ పనికిరాదు. ఏ పొరలో, దేని పక్కన దొరికినదో తెలిస్తేనే శాస్త్రజ్ఞునికి దాని కథ తెలుస్తుంది. గండకిలో పుట్టిందన్న ప్రమాణం ఉంటేనే అర్చకునికి సాలగ్రామం. పుట్టిన చోటుకు విలువ ఇవ్వడంలో ఆ ఇద్దరిదీ ఒకే మార్గం.

పంచాయతన పూజ చేసే ఇండ్లలో ఈ నియమం స్పష్టంగా కనిపిస్తుంది. విష్ణువుకు గండకీ శిల, శివునికి నర్మద బాణం, గణపతికి శోణానది ఎర్రరాయి, సూర్యునికి తంజావూరు దగ్గరి వల్లం స్ఫటికం, అంబికకు మన శ్రీకాళహస్తి పక్క నుంచి పారే స్వర్ణముఖి నది శిల. ఒక్కొక్క నేల తనకున్నది తాను సమర్పించింది. మన శంషాబాద్ నేల సాలగ్రామాన్ని ఇవ్వలేదు. కాని 250 కోట్ల ఏండ్లుగా చెక్కుచెదరని గ్రానైటును ఇచ్చింది. మీరు నడిచే ప్రాకారం మెట్లు, మండప స్తంభాలు, బలిపీఠం ఆ రాతివే. ఇంతకంటె ఏమి కావాలి?

సేకరణ, క్రయవిక్రయాలు

ఇప్పుడు దాతలకు ప్రత్యేకంగా ఒక మనవి.

విమానాశ్రయం వచ్చిన తరువాత మన ప్రాంతం నుంచి ముక్తినాథ యాత్రకు వెళ్ళేవారు పెరిగారు. చాలా సంతోషం. తిరిగి వచ్చినవారు "స్వామివారికి సమర్పణ" అంటూ సాలగ్రామాలు తెస్తున్నారు. ఎంతకు కొన్నారో కూడ చెబుతున్నారు. కొందరు యాత్రకు వెళ్ళకుండానే నగరంలోనో, ఫోన్ల ద్వారానో వేలు, లక్షలు పోసి తెప్పిస్తున్నారు. సాలగ్రామానికి వెల కట్టడాన్ని, అమ్మడాన్ని, అమ్మకానికి సమ్మతించడాన్ని పురాణ వచనాలు తీవ్రంగా నిషేధించాయి. మన పూర్వులకు ఇవి తండ్రి నుంచి కొడుకుకు, గురువు నుంచి శిష్యునికి సంక్రమించేవి. లేదా దానంగా లభించేవి. వెల పెట్టి కొనే అలవాటు ఉన్న చోటికి మోసం వెంటనే వచ్చి చేరుతుంది.

ఇటీవల నా వద్దకు వచ్చిన వాటిలో కొన్ని గోరువెచ్చని నీటిలో ఉంచగానే నల్లరంగు వదిలినాయి. సిమెంటుతో అచ్చు పోసినవి. కొన్నింటిలో రెండు ముక్కలు అతికించిన కీలు గోటికి తగిలింది. కొన్నింటిలో మామూలు నల్లరాతికి యంత్రంతో రంధ్రం చేసి లోపల చక్రం చెక్కారు. భూతద్దంతో చూస్తే యంత్రం తిరిగిన గీతలు కనిపించాయి. నిజమైన చక్రంలో గట్లు ప్రాణి పెరిగిన క్రమంలో లోపల సన్నగా, బయటకు వచ్చే కొద్దీ వెడల్పుగా ఉంటాయి. చెక్కినవాటిలో ఆ క్రమం కనిపించలేదు. తెచ్చిన భక్తులది నిష్కల్మషమైన భక్తి. వారికి ఈ మాట చెప్పవలసి వచ్చినప్పుడు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు.

ఇది మన దేశానికే పరిమితమైన జాడ్యం కాదు. ఇంగ్లండులో విట్బీ అనే సముద్రతీర పట్టణం ఉన్నది. 7వ శతాబ్దంలో అక్కడి మఠాధిపురాలు హిల్డా అనే సాధ్వి పాములను రాళ్ళుగా మార్చినదని కథ. అక్కడి కొండచరియలలో దొరికే అమ్మోనైట్లే ఆ పాములని జనం నమ్మకం. పాముకు తల ఉండాలి కదా! వ్యాపారులు అమ్మోనైట్లకు పాముతలలు చెక్కి యాత్రికులకు అమ్మేవారు. ఉన్న అద్భుతం చాలదని, లేనిదాన్ని చెక్కి జోడించారు. ఆ హిల్డా పేరే ఒక అమ్మోనైటు జాతికి హిల్డోసెరాస్ అని నిలిచింది.

మరొక ఉదాహరణ మీ అందరికీ తెలిసినదే. 2023 ఫిబ్రవరిలో నేపాల్‌లోని కాళీగండకి నుంచి రెండు బృహత్ శిలలను అయోధ్యకు తెచ్చారు. దారి పొడవునా జనం పూలు చల్లి మ్రొక్కారు. పత్రికలు వాటిని సాలగ్రామ శిలలని వ్రాశాయి. చివరకు 2024 జనవరి 22న ప్రతిష్ఠితుడైన బాలరామమూర్తిని అరుణ్ యోగిరాజ్ మైసూరు ప్రాంతపు నల్లశిలలో మలిచారు. విగ్రహానికి తగిన శిల ఏదో శిల్పులు పరీక్షించి నిర్ణయించారు. గండకీ శిలకు దానివలన గౌరవం తగ్గలేదు. పరీక్షించడం అపచారం కాదని చెప్పడానికే దీనిని ప్రస్తావించాను.

పునాది రాయి ఏమయింది?

పెద్దలందరితో సమావేశమై, అధ్యాపకులు చెప్పిన విషయమంతా వివరించాము. "ఇన్ని రోజులు మ్రొక్కిన రాయిని పారవేస్తారా?" అని ఒక పెద్దమ్మగారు కంటతడి పెట్టుకొన్నారు. ఆమె ప్రశ్న న్యాయమైనది. భక్తితో మ్రొక్కిన చేతులు వ్యర్థం కాకూడదు. అసత్యానికి పూజ జరగకూడదు. రెండూ ఆలోచించి, ఆ రాయిని కొత్తగా కట్టిన తులసికోట పీఠం కింద మొదటి రాయిగా ఉంచాము. ప్రదక్షిణం చేసేటప్పుడు మీ పాదాలు దానికి తగలవు. దాని మీద తులసమ్మ ఉన్నది. పెద్దమ్మగారే మొదటి చెంబు నీళ్ళు పోశారు.

వెండి సంపుటం మ్రొక్కుకొన్న దాత రెండు రోజులు మా వైపు రాలేదు. మూడవనాడు వచ్చి, "అయ్యగారూ, మ్రొక్కు ఏం చేయమంటారు?" అని అడిగారు. గర్భాలయంలో ఉన్న ఐదు మూర్తులకు పాత రాగి పళ్ళెం చిల్లు పడి ఉన్న సంగతి చెప్పాను. కొత్త పళ్ళెం, నిత్య తిరుమంజనానికి పాలు, తులసీదళాలు, పగిలిన మూర్తికి ఒక చిన్న భరిణె వారి మ్రొక్కుగా స్వీకరించాము. ఖర్చు వెండి సంపుటంలో నాలుగవ వంతు కూడ కాలేదు. మిగిలినది అన్నదానానికి ఇచ్చారు. విరాళాలు ఆగిపోతాయన్న నా భయం వ్యర్థమైనది. భక్తులను నేనే తక్కువ అంచనా వేశాను. అందుకు ఈ ముఖంగా క్షమాపణ కోరుకొంటున్నాను.

మీకు నా విన్నపం ఇంతే. ముక్తినాథ యాత్రకు వెళ్ళండి. గండకిలో స్నానం చేయండి. శిలలను కళ్ళారా చూడండి. అంగడిలో కొనవద్దు. మీ ఇంట పూర్వుల నుంచి వచ్చిన సాలగ్రామం ఉండి, ఆరాధన చేయలేని పరిస్థితి ఏర్పడితే దానిని అమ్మకండి, అటక మీద మరచిపోకండి. ఆలయానికి తెచ్చి అప్పగించండి. దినానికి ఒక ఉద్ధరిణె నీరు, ఒక తులసీదళం ఇవ్వలేని ఇంటికి కొత్త మూర్తిని తేవద్దు. దొరికిన ప్రతి నల్లరాయినీ స్వయంభువు అనవద్దు. అనుమానం ఉంటే అర్చకుని అడగండి. అర్చకునికి తెలియకపోతే తెలిసినవారిని అడుగుతాడు. నేనూ అట్లాగే అడిగి తెలుసుకొన్నాను.

సంప్రోక్షణ జరిగిన ఆలయంలో ఇక మీరు తీర్థం పుచ్చుకొనేటప్పుడు ఒక్క క్షణం ఆ పళ్ళెం వైపు చూడండి. కొత్త భరిణెలో ఉన్న పగిలిన మూర్తిని చూపించమని అడిగితే, హారతి వెలుగులో ఆ చుట్టలను చూపిస్తాను. పిల్లలను కూడ తీసుకొని రండి. వారు అడిగే ప్రశ్నలకు, నాకు తెలిసినంత వరకు, దాచకుండా సమాధానం చెబుతాను.

శుభం భూయాత్.